ఉగ్రవాదులకు అండగా ఉన్న ప్రభుత్వం మీద దండెత్తవచ్చా? ఉన్న దారులు, వాటి ఖరీదు

పెద్ద ఉగ్రదాడి జరిగిన ప్రతిసారీ టీవీ చర్చల్లో, వాట్సాప్ గ్రూపుల్లో, టీ కొట్ల దగ్గర ఒకే మాట వినిపిస్తుంది. "ఇంకెన్నాళ్ళు భరించాలి? లోపలికెళ్ళి తాడో పేడో తేల్చేసుకోవాలి." 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో 26 మందిని కాల్చి చంపినప్పుడు ఆ మాట తెలుగునాట మరింత గట్టిగా వినిపించింది. విశాఖపట్నంలో, కావలిలో కూడా కుటుంబాలు తమవాళ్ళను పోగొట్టుకున్నాయి. గోకుల్ చాట్, లుంబినీ పార్కు, దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ళు చూసిన హైదరాబాద్‌కు ఆ బాధ ఎలాంటిదో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ కోపంలో తప్పేమీ లేదు.

అయితే కోపం న్యాయమైనదైనంత మాత్రాన మనం ఎంచుకునే దారి కూడా న్యాయమైనదైపోదు. "ఆ ప్రభుత్వం ఉగ్రవాదులకు సాయం చేస్తోంది" అన్న కారణంతో దేశాలు దండయాత్రలు చేశాయి, విమానాలతో కొట్టి వెనక్కి వచ్చాయి, సరిహద్దులో సైన్యాన్ని మోహరించాయి, ఏళ్ళ తరబడి ఆంక్షలు పెట్టి కోర్టుకీడ్చాయి. వీటన్నిటి ఫలితాలూ ఇప్పుడు మన కళ్ళ ముందున్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూద్దాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఉగ్రవాదానికి సాయం చేయడం ఆ ప్రభుత్వం చేసిన నేరం. ఆ ఒక్క నేరం చూపించి దేశం మొత్తాన్ని ఆక్రమించడాన్ని నేను సమర్థించను. దానికి ఇంకా చాలా షరతులు తోడవ్వాలి. నేను పరిశీలించిన వాటిలో ఆ షరతులకు దగ్గరగా వచ్చింది 2001 నాటి అఫ్ఘానిస్థాన్ ఒక్కటే. అక్కడ కూడా లోపలికి వెళ్ళడాన్ని సమర్థించగలను, 20 ఏళ్ళు ఉండిపోవడాన్ని సమర్థించలేను.

సాయం అంటే ఏ సాయం?

చర్చల్లో "ఉగ్రవాదానికి మద్దతు" అని అందరూ ఒకే గాటన కట్టేస్తారు. నిజానికి అందులో చాలా రకాలున్నాయి. ఏ రకమో తేల్చుకోకుండా ఏం చేయాలన్నది తేలదు.

ప్రభుత్వమే నేరుగా దాడి చేయించడం అన్నిటికంటే తీవ్రమైనది. 1988 డిసెంబర్ 21న స్కాట్లాండ్‌లోని లాకర్‌బీ పట్టణం మీద పాన్ యామ్ 103 విమానం పేలిపోయి 270 మంది చనిపోయారు. ఆ కేసులో దోషిగా తేలినవాడు లిబియా గూఢచారి సంస్థ అధికారి.

రెండోది, ముఠాలను పెంచి పోషించి వాటిని తన చేతిలో ఆయుధంగా వాడుకోవడం. డబ్బు, శిక్షణ, ఆయుధాలు ఇస్తారు. దాడి జరిగాక మాకేం సంబంధం లేదంటారు. 166 మందిని బలిగొన్న 2008 ముంబై దాడుల కోసం రెక్కీ చేసిన డేవిడ్ హెడ్లీ తనకు లష్కరే తోయిబాతో పాటు ఐఎస్ఐ అధికారి నుంచీ ఆదేశాలు, డబ్బు వచ్చేవని అమెరికా కోర్టులోనే సాక్ష్యం చెప్పాడు.

మూడోది ఆశ్రయం. 2001 సెప్టెంబర్ 11న అమెరికా మీద జరిగిన దాడి పథకం అఫ్ఘానిస్థాన్‌ను ఏలుతున్న తాలిబాన్ వేయలేదు. కానీ వేయించిన అల్ ఖైదా నాయకుడు బిన్ లాడెన్‌కు ఇల్లు, శిబిరాలు, రక్షణ ఇచ్చింది. నాలుగోది చేతగానితనం. 1970ల చివర్లో లెబనాన్ ప్రభుత్వానికి దక్షిణ లెబనాన్ మీద పట్టే లేదు, అక్కడి సాయుధ ముఠాలను ఆపే శక్తి అసలే లేదు. ఇక, జరిగిన దాడిని మెచ్చుకుని బహుమతులిచ్చే రకం కూడా ఉంది. సద్దాం హుస్సేన్ 2002లో పాలస్తీనా ఆత్మాహుతి దళ సభ్యుల కుటుంబాలకు 25 వేల డాలర్ల చొప్పున ఇచ్చేవాడు. నీచమైన పనే. అయినా లాకర్‌బీ విమానంలో బాంబు పెట్టించడం, ఇదీ ఒకటి కావు. రెండిటికీ ఒకే శిక్ష అనేవాళ్ళతో నేను ఏకీభవించను.

చట్టం ఏమంటుంది?

ఐక్యరాజ్యసమితి చార్టర్‌లోని 51వ అధికరణం ప్రకారం సాయుధ దాడి జరిగిన దేశానికి ఆత్మరక్షణ హక్కు ఉంటుంది. మరి పక్క దేశం తుపాకులిచ్చి పంపిన ముఠా దాడి చేస్తే? దీని మీద అంతర్జాతీయ న్యాయస్థానం 1986లో, అమెరికా మీద నికరాగువా వేసిన కేసులో ఒక గీత గీసింది. పెద్ద ఎత్తున దాడి చేసే సాయుధ మూకలను ప్రభుత్వమే పంపితే అది సాయుధ దాడి కిందికి వస్తుంది. ఆయుధాలివ్వడం, ఇతర సాయం చేయడం చట్టవిరుద్ధమే గానీ, అది సాయుధ దాడి స్థాయికి రాదు. అంటే ఆ కారణం ఒక్కటే చూపించి యుద్ధానికి దిగడానికి వీల్లేదు.

ఈ తీర్పు మీద విమర్శలు చాలా ఉన్నాయి. సాయం చేసేవాడికి ఇది రక్షణ కవచంలా మారిందన్న విమర్శలో కొంత నిజముంది. సెప్టెంబర్ 11 దాడుల మరునాడే, అంటే 2001 సెప్టెంబర్ 12న, భద్రతా మండలి 1368 తీర్మానంలో ఆత్మరక్షణ హక్కును గుర్తు చేసింది. దాడి చేసింది ఒక దేశం కాదు, ఒక ముఠా అని తెలిసి కూడా ఆ మాట రాసింది. అప్పటి నుంచి గీత కొంచెం జరిగిందనే చెప్పాలి. కానీ ఆత్మరక్షణ అంటే అవసరమైనంత, దాడికి తగినంత అన్న హద్దు మాత్రం జరగలేదు. ఒక శిబిరాన్ని ధ్వంసం చేసే హక్కు వచ్చిందంటే రాజధానిని ఆక్రమించే హక్కు కూడా వచ్చినట్టు కాదు.

ఇక్కడ 1914 గుర్తు చేయకుండా ఉండలేను. ఆ ఏడాది జూన్ 28న సరాయెవోలో ఆస్ట్రియా యువరాజును చంపిన కుర్రాళ్ళకు ఆయుధాలు సెర్బియా నుంచే వచ్చాయి. వాటి వెనకున్న రహస్య సంస్థ 'బ్లాక్ హ్యాండ్' నాయకుడే సెర్బియా సైనిక గూఢచారి విభాగానికి అధిపతి. అంటే ఆస్ట్రియా అనుమానం ఉత్తది కాదు. జూలై 23న 48 గంటల గడువుతో 10 డిమాండ్లు పెట్టింది. సెర్బియా చాలావాటికి తలూపింది, తన గడ్డ మీద ఆస్ట్రియా అధికారులు విచారణలో పాల్గొనడానికి మాత్రం ఒప్పుకోలేదు. జూలై 28న ఆస్ట్రియా యుద్ధం ప్రకటించింది. వారం తిరిగేసరికి యూరప్‌లోని పెద్ద దేశాలు దాదాపు అన్నీ అందులో ఉన్నాయి. నాలుగేళ్ళకు ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యమే లేకుండా పోయింది. నేరారోపణ నిజమై ఉండీ, యుద్ధం ఘోరమైన తప్పు కావచ్చని చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు తెలియదు.

దండయాత్ర: అఫ్ఘానిస్థాన్, ఇరాక్ పక్కపక్కన

రెండూ అమెరికా చేసినవే, రెండేళ్ళ తేడాలో జరిగినవే. అందుకే పోల్చడానికి బాగా పనికొస్తాయి.

అఫ్ఘానిస్థాన్‌లో సంబంధం ఎవరూ కాదనలేనిది. 1998 ఆగస్టు 7న నైరోబీ, దార్ ఎస్ సలామ్‌లలో అమెరికా రాయబార కార్యాలయాల మీద అల్ ఖైదా దాడి చేసి 224 మందిని చంపింది. 1999 అక్టోబర్‌లో భద్రతా మండలి 1267 తీర్మానంతో బిన్ లాడెన్‌ను అప్పగించమని తాలిబాన్‌ను అడిగింది. ఆంక్షలు పెట్టింది. 2000 డిసెంబర్‌లో వాటిని ఇంకా బిగించింది. తాలిబాన్ కదల్లేదు. తర్వాత సెప్టెంబర్ 11 దాడుల్లో 2,977 మంది చనిపోయారు. అప్పుడూ అప్పగించమని అడిగారు, అప్పుడూ వినలేదు. అక్టోబర్ 7న బాంబు దాడులు మొదలయ్యాయి. ఇందులో గమనించాల్సింది క్రమం. సంబంధం రుజువైంది, ప్రపంచం మొత్తం ముందే అడిగింది, మెత్తని దారులు ప్రయత్నించారు, శిబిరాలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి, మళ్ళీ దాడి జరుగుతుందన్న భయం ఊహ కాదు. ఇన్ని కలిస్తేనే లోపలికి వెళ్ళడానికి ఒక సమర్థన దొరికింది.

నవంబర్ 13కల్లా కాబూల్ తాలిబాన్ చేజారింది. అల్ ఖైదా శిబిరాలు చెదిరిపోయాయి. ఏ లక్ష్యంతో వెళ్ళారో అది కొన్ని నెలల్లోనే చాలావరకు నెరవేరింది. ఆ తర్వాత లక్ష్యం మారిపోయింది. కొత్త ప్రభుత్వం, కొత్త సైన్యం, కొత్త దేశం కట్టాలనుకున్నారు. బిన్ లాడెన్ చివరికి దొరికింది కాబూల్‌లో కాదు, 2011 మే 2న పాకిస్థాన్‌లోని అబోటాబాద్‌లో. అమెరికా సైనికులు 2,400 మందికి పైగా, అఫ్ఘాన్ సైనికులు, పోలీసులు 60 వేలకు పైగా, సాధారణ పౌరులు 40 వేలకు పైగా చనిపోయాక, 2021 ఆగస్టు 15న అదే తాలిబాన్ కాబూల్‌లోకి తిరిగొచ్చింది. ఏడాది తిరక్కుండానే, 2022 జూలై 31న, అల్ ఖైదా నాయకుడు జవాహిరీ కాబూల్ నడిబొడ్డున ఒక ఇంట్లో దొరికాడు. అతన్ని చంపడానికి ఆ దేశంలో ఒక్క అమెరికా సైనికుడు కూడా అవసరం పడలేదు, డ్రోన్ సరిపోయింది. ఆ 20 ఏళ్ళ ఆక్రమణ దేనికోసమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇరాక్ సంగతి వేరు. అక్కడ మొదటి మెట్టే లేదు. సద్దాం క్రూరుడు, తన ప్రజల మీదే విషవాయువు వాడినవాడు. పాలస్తీనా ఉగ్రవాది అబూ నిదాల్‌కు బాగ్దాద్‌లో చోటిచ్చిన మాట నిజం, ఇరాన్ వ్యతిరేక సాయుధ ముఠాను పోషించిన మాటా నిజం. కానీ యుద్ధానికి ప్రజలను ఒప్పించడానికి చెప్పింది అది కాదు. అల్ ఖైదాతో సంబంధం ఉందని, సామూహిక విధ్వంసక ఆయుధాలు ఉన్నాయని చెప్పారు. 2003 ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ భద్రతా మండలిలో నిలబడి ఈ రెండూ చెప్పాడు. ఆయుధాలు దొరకలేదు. 2004లో సెప్టెంబర్ 11 దాడుల విచారణ కమిషన్ ఇరాక్, అల్ ఖైదాలు కలిసి పనిచేసినట్టు ఆధారాలు కనిపించలేదని తేల్చింది.

2003 మార్చి 20న యుద్ధం మొదలైంది. మూడు వారాల్లో బాగ్దాద్ పడిపోయింది. మే 23న ఒక్క ఉత్తర్వుతో ఇరాక్ సైన్యాన్ని రద్దు చేశారు. ఆయుధాలు వాడటం తెలిసిన లక్షల మంది మగవాళ్ళు జీతం లేకుండా, గౌరవం లేకుండా వీధిలో పడ్డారు. తర్వాతి ఏడాదే జోర్డాన్ ఉగ్రవాది జర్కావీ ముఠా ఇరాక్‌లో అల్ ఖైదా పేరు పెట్టుకుంది. ఆ ముఠా నుంచే ఐసిస్ పుట్టింది, 2014 జూన్‌లో మోసుల్ నగరాన్ని పట్టుకుంది. అక్కడ పొట్టకూటి కోసం వెళ్ళిన 39 మంది భారతీయ కూలీలను చంపింది. గల్ఫ్‌కు మనుషుల్ని పంపే కరీంనగర్, నిజామాబాద్ ఊళ్ళలో ఇలాంటి వార్త వింటే ఎలా ఉంటుందో అక్కడివాళ్ళకు తెలుసు. ఉగ్రవాదాన్ని అణచడానికని మొదలుపెట్టిన యుద్ధం, అంతకుముందు అక్కడ లేని ఉగ్రవాదాన్ని పుట్టించింది. లెక్కకు దొరికినంత వరకే ఇరాక్‌లో లక్షన్నరకు పైగా సాధారణ పౌరులు హింసలో చనిపోయారు.

ఇది ఇరాక్‌తో మొదలైన విషయం కూడా కాదు. 1982లో లండన్‌లో ఇజ్రాయెల్ రాయబారి మీద హత్యాయత్నం జరిగింది. చేసింది అబూ నిదాల్ ముఠా. ఆ ముఠాకు పాలస్తీనా విమోచన సంస్థతో బద్ధవైరం. అయినా దాన్నే కారణంగా చూపి, విమోచన సంస్థను తరిమేయడానికి ఇజ్రాయెల్ జూన్ 6న లెబనాన్‌లోకి వెళ్ళింది. ఆ ఏడాదే ఆ సంస్థను బీరూట్ నుంచి పంపించగలిగింది కూడా. కానీ ఆ ఆక్రమణలోంచే హెజ్‌బొల్లా పుట్టుకొచ్చింది. ఇజ్రాయెల్ 2000 మే వరకు అక్కడి నుంచి పూర్తిగా బయటపడలేకపోయింది.

కొట్టి వచ్చేయడం

ఆక్రమించకుండా, శిబిరాలనో సైనిక స్థావరాలనో కొట్టి ఆగిపోవడం. ఖర్చు తక్కువ, ప్రజల కోపానికి వెంటనే జవాబు దొరుకుతుంది. కానీ దీని మీద పెట్టుకునే ఆశ ఎక్కువ, వచ్చే ఫలితం తక్కువ.

1986 ఏప్రిల్‌లో బెర్లిన్ డిస్కోలో లిబియా పెట్టించిన బాంబు పేలాక అమెరికా విమానాలు లిబియా నగరాలు ట్రిపోలీ, బెంఘాజీల మీద బాంబులు వేశాయి. లిబియా పాలకుడు గడాఫీకి బుద్ధొచ్చిందన్నారు. రెండున్నరేళ్ళకు లాకర్‌బీ జరిగింది. మరుసటి ఏడాది నైజర్ ఎడారి మీద ఫ్రెంచ్ విమానం పేలి 170 మంది పోయారు. 1998లో అమెరికా క్షిపణులు అఫ్ఘాన్ శిబిరాల మీద పడ్డాయి, బిన్ లాడెన్ తప్పించుకున్నాడు. అదే రోజు సూడాన్‌లో రసాయన ఆయుధాల అనుమానంతో కొట్టింది ఒక మందుల ఫ్యాక్టరీని.

మన అనుభవం వీటికంటే కొంచెం మెరుగు. 2016లో ఉరీ తర్వాత సర్జికల్ స్ట్రైక్స్, 2019లో పుల్వామా తర్వాత బాలాకోట్, 2025 మే 7న ఆపరేషన్ సిందూర్. ఒక్కొక్కసారీ ముందుకంటే లోతుకు వెళ్ళాం. చివరిసారి పాకిస్థాన్ పంజాబ్‌లో, జైషే మహమ్మద్‌కు కేంద్రమైన బహావల్‌పూర్, లష్కరేకు కేంద్రమైన మురీద్కే కూడా వదల్లేదు. అణ్వాయుధాల మాటున ఏం చేసినా చెల్లుతుందన్న ధీమాను ఇది కొంత తగ్గించిందనే నేను నమ్ముతాను. అయితే ఖరీదూ ఉంది. 2019లో ఆ గందరగోళంలో బుద్గామ్ దగ్గర మన హెలికాప్టర్‌ను మనమే కూల్చుకున్నాం. 2025లో పూంచ్‌లో ఇళ్ళ మీద గుండ్లు పడి పౌరులు చనిపోయారు, నియంత్రణ రేఖ దగ్గర శ్రీ సత్యసాయి జిల్లా జవాను ప్రాణం పోయింది. పుల్వామా ఉరీ తర్వాత జరిగింది, పహల్గామ్ బాలాకోట్ తర్వాత జరిగింది. అంటే కొట్టడం వల్ల దాడులు ఆగిపోతాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. దాడి చేయించేవాడికి దాని ధర పెంచడం వరకే అది పనికొస్తుంది.

సరిహద్దులో సైన్యాన్ని నిలబెట్టి అడగడం

దీనికి టర్కీ కథ చెప్పుకోవాలి. కుర్దు తిరుగుబాటు సంస్థ పీకేకే నాయకుడు ఓజలాన్‌కు సిరియా ఏళ్ళ తరబడి డమాస్కస్‌లో చోటిచ్చింది. 1998లో టర్కీ సైన్యాన్ని సరిహద్దుకు కదిలించి సూటిగా అడిగింది: అతన్ని పంపేయండి, శిబిరాలు మూయండి. అక్టోబర్ మొదట్లోనే ఓజలాన్ సిరియా వదిలిపోయాడు. అక్టోబర్ 20న అదానాలో ఒప్పందం కుదిరింది. తర్వాతి ఫిబ్రవరిలో నైరోబీలో దొరికిపోయాడు. పీకేకే పోరాటం అంతటితో ముగియలేదు గానీ, సిరియా ఆశ్రయం మాత్రం దండయాత్ర లేకుండానే పోయింది.

మన ఆపరేషన్ పరాక్రమ్ కూడా అదే పద్ధతి. 2001 డిసెంబర్ 13న పార్లమెంటు మీద దాడి జరిగాక లక్షల మంది సైనికులు సరిహద్దుకు వెళ్ళారు. పది నెలలు అక్కడే ఉన్నారు. పాకిస్థాన్ పాలకుడు ముషారఫ్ 2002 జనవరి 12న టీవీలో మాట్లాడి లష్కరేను, జైషేను నిషేధించాడు. అవి పేర్లు మార్చుకుని మళ్ళీ తెరుచుకున్నాయి. మనం అడిగిన 20 మంది జాబితాలోని వాళ్ళను అప్పగించలేదు. మే 14న కాలూచక్‌లో సైనికుల కుటుంబాలనే చంపారు. మందుపాతరల వల్ల, ప్రమాదాల వల్ల, యుద్ధమే జరగకుండా మనం సుమారు 800 మంది జవాన్లను పోగొట్టుకున్నాం.

టర్కీకి కుదిరింది మనకెందుకు కుదరలేదు? టర్కీ అడిగింది ఒక్క మనిషి గురించి, ఇచ్చారో లేదో ఒక్క రోజులో తేలిపోయే విషయం. సిరియాకు ఓజలాన్ అక్కరకొచ్చే మనిషే గానీ ప్రాణం కాదు. పైగా సిరియా దగ్గర అణుబాంబు లేదు. మనం అడిగింది ఆ దేశ సైన్యం దశాబ్దాలుగా నమ్ముకున్న విధానాన్నే వదులుకోమని. బెదిరింపు పనిచేయాలంటే ఎదుటివాడు ఒప్పుకోగలిగిన చిన్న, స్పష్టమైన కోరిక ఉండాలి. కోరిక పెద్దదయ్యేకొద్దీ ఈ దారి బలహీనపడుతుంది.

లిబియా మెడ వంచిన దారి

దీని గురించి మన చర్చల్లో ఎవరూ మాట్లాడరు. నాకు మాత్రం అన్నిటికంటే ఎక్కువ నేర్పేది ఇదే అనిపిస్తుంది.

లాకర్‌బీ తర్వాత అమెరికా, బ్రిటన్ లిబియా మీద దండెత్తలేదు. ముక్కలైన విమానాన్ని మైళ్ళ కొద్దీ పొలాల్లోంచి ఏరారు. బాంబు టైమర్ ముక్క ఒకటి పట్టుకుని దాని వెనకే వెళ్ళారు. 1991లో ఇద్దరు లిబియన్ల మీద నేరారోపణ చేశారు. 1992లో భద్రతా మండలి లిబియాకు విమానాల రాకపోకలు, ఆయుధాల అమ్మకాలు నిషేధించింది. 1993లో విదేశాల్లో ఉన్న ప్రభుత్వ ఆస్తులు, కొన్ని రకాల చమురు పరికరాలు కూడా ఆ జాబితాలో చేరాయి. చమురు అమ్ముకోవడాన్ని మాత్రం ఆపలేదు. ఇది చాలా ముఖ్యం. అదే కాలంలో ఇరాక్ మీద పెట్టిన ఆంక్షలు దాదాపు వ్యాపారం మొత్తాన్నీ ఆపేశాయి. మందులు దొరకక పిల్లలు అల్లాడారు, సద్దాం రాజభవనాలు మాత్రం లేస్తూనే ఉన్నాయి. ఆంక్షలన్నీ ఒకటి కావు. సామాన్యుడి అన్నం పళ్ళెం మీద పడేవాటికీ, పాలకుడి విమానం, బ్యాంకు ఖాతా మీద పడేవాటికీ చాలా తేడా ఉంది.

ఏడేళ్ళు పట్టింది. మధ్యలో నెల్సన్ మండేలా రాయబారం నడిపారు. స్కాట్లాండ్ చట్టం ప్రకారం, స్కాట్లాండ్ జడ్జీల ముందు, కానీ నెదర్లాండ్స్‌లో విచారణ జరిపేలా ఒప్పందం కుదిరింది. 1999 ఏప్రిల్‌లో గడాఫీ ఇద్దరినీ అప్పగించాడు. 2001 జనవరి 31న ఒకరికి శిక్ష పడింది, ఇంకొకరు నిర్దోషిగా బయటకొచ్చారు. 2003 ఆగస్టులో లిబియా బాధ్యత ఒప్పుకుంది, బాధితులకు మొత్తం 270 కోట్ల డాలర్ల పరిహారానికి అంగీకరించింది. ఆ డిసెంబర్‌లో అణు, రసాయన ఆయుధ కార్యక్రమాలనే వదిలేస్తున్నానంది. ఇరాక్‌లో ఏవో ఆయుధాలున్నాయని యుద్ధం చేసిన ఏడాదిలోనే, నిజంగా ఆ కార్యక్రమాలున్న లిబియా వాటిని మాటలతో ఇచ్చేసింది. పక్కనే జరిగిన ఇరాక్ యుద్ధం చూసి గడాఫీ భయపడ్డాడనే వాదన ఉంది. కొంత నిజమే కావచ్చు. కానీ నిందితుల్ని అప్పగించింది ఆ యుద్ధానికి నాలుగేళ్ళ ముందు.

ఈ దారిలో న్యాయం సంపూర్ణం కాలేదు. ఆ తీర్పు మీద ఇప్పటికీ సందేహాలున్నాయి. దోషిని ఆరోగ్యం బాగోలేదని 2009లో వదిలేసినప్పుడు చాలా కుటుంబాలు కుమిలిపోయాయి. మూడో నిందితుడు 2022లో గానీ అమెరికా చేతికి చిక్కలేదు. అయినా ఆ ఆంక్షలు వచ్చాక లిబియా మళ్ళీ విమానాలు పేల్చలేదు. 2011లో వేరే కారణంతో నాటో జోక్యం చేసుకుని గడాఫీ పాలన కూలిపోయాక ఏమైందో కూడా చూడండి. ఆయుధాలు సహారా ఎడారి దాటి మాలీ దాకా పాకాయి, 2015కల్లా గడాఫీ సొంత ఊరు సిర్త్ ఐసిస్ చేతిలో ఉంది.

ఎంచుకునే ముందు అడగాల్సినవి

ఇన్ని ఉదాహరణలు చూశాక, ఎవరైనా "దండెత్తాలి" అన్నప్పుడు నేను మొదట అడిగేది సాక్ష్యం గురించి కాదు. సాక్ష్యం ఉండాల్సిందే, అది కనీస అర్హత. నేను అడిగేది, "రాజధాని పడిపోయిన మర్నాడు అక్కడ కరెంటు, నీళ్ళు, పోలీసు స్టేషన్ ఎవరు నడుపుతారు?" అని. దీనికి పేర్లతో, లెక్కలతో జవాబు లేకపోతే అది దండయాత్ర పథకం కాదు, ఉత్త కోపం.

తర్వాతది, ప్రభుత్వాన్ని తీసేస్తే ముఠా కూడా పోతుందా? తాలిబాన్ పోయాక అల్ ఖైదాకు కొన్నాళ్ళైనా చోటు లేకుండా పోయింది. ఇరాక్‌లో సద్దాం పోయాకే ముఠాలకు చోటు దొరికింది. ప్రభుత్వమే ముఠాల మీద మూతగా ఉన్న చోట ఆ మూత తీస్తే ఏం జరుగుతుందో ఇరాక్, లిబియా రెండూ చూపించాయి.

మిగిలిన దారులు నిజంగా ప్రయత్నించామా, లేక ప్రయత్నించినట్టు కనిపించామా అన్నది కూడా చూడాలి. అఫ్ఘానిస్థాన్ విషయంలో ప్రపంచం ముందే రెండేళ్ళు అడిగింది. ఇరాక్ విషయంలో ఆయుధ తనిఖీ బృందం ఇంకా పని చేస్తుండగానే దాన్ని బయటకు పంపేసి బాంబులు వేశారు.

పాకిస్థాన్ విషయంలో నేనైతే ఏది ఎంచుకుంటాను?

దండయాత్ర ప్రశ్నే లేదు. రెండు దేశాల దగ్గరా అణ్వాయుధాలున్నాయి. మన నగరాలు వాటి పరిధిలో ఉన్నాయి. ఒకవేళ అవి లేకపోయినా 20 కోట్లకు పైగా జనం ఉన్న దేశాన్ని ఆక్రమించి నడపడం ఎవరి వల్లా కాదు. ఆ సైన్యం కూలిపోతే ఆ అణ్వాయుధాలు ఎవరి చేతికి వెళ్తాయన్న ప్రశ్న ఒక్కటి చాలు, ఈ ఆలోచన పక్కన పెట్టడానికి.

పరిమిత దాడులు అవసరమైనప్పుడు, స్పష్టమైన సాక్ష్యంతో, ముఠాల స్థావరాల మీదే చేయాలి. కానీ వాటినే మొత్తం విధానం అనుకోకూడదు. నా దృష్టిలో అసలు బరువు పెట్టాల్సింది డబ్బు దారి మీద, కోర్టు దారి మీద. 2018 జూన్ నుంచి 2022 అక్టోబర్ వరకు పాకిస్థాన్ ఎఫ్ఏటీఎఫ్ గ్రే లిస్టులో, అంటే ఉగ్రవాదులకు చేరే డబ్బు మీద, నల్లధనం మీద కన్నేసే అంతర్జాతీయ సంస్థ నిఘా జాబితాలో, ఉంది. అప్పు పుట్టడం కష్టమైన ఆ రోజుల్లోనే, ఎన్నోసార్లు గృహనిర్బంధం పేరుతో పట్టుకుని వదిలేసిన లష్కరే వ్యవస్థాపకుడు హాఫిజ్ సయీద్‌కు 2020లో వాళ్ళ కోర్టే జైలు శిక్ష వేసింది. లక్షల సైన్యంతో పది నెలలు సరిహద్దులో నిలబడి మనం సాధించలేనిది బ్యాంకుల ఒత్తిడి కొంతైనా సాధించింది. ముంబై దాడుల కేసులో తహవ్వుర్ రాణాను 2025 ఏప్రిల్‌లో అమెరికా నుంచి తీసుకురావడానికి 16 ఏళ్ళు పట్టింది. అయినా వదలకుండా తెచ్చాం, ఇప్పుడు మన కోర్టుకు జవాబు చెప్పాలి.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. "గ్రే లిస్టు నుంచి బయటపడిన రెండున్నరేళ్ళకే పహల్గామ్ జరిగింది కదా, నీ బ్యాంకుల దారి ఏం ఆపింది?" అని. ఆ మాట నిజం. నాకు తెలిసి దానికి జవాబు, ఒత్తిడి తీసేసిన తర్వాతే అది జరిగిందన్నది. చట్టాల మార్పులు, కొన్ని కేసులు చూసి లిస్టు నుంచి తీసేశారు, శిబిరాలు మూశారో లేదో తేలకుండానే. లిబియా మీద ఆంక్షలను 1999లో తాత్కాలికంగా నిలిపారు గానీ, బాధ్యత ఒప్పుకుని పరిహారానికి సంతకం పెట్టేదాకా, అంటే 2003 సెప్టెంబర్ దాకా, పూర్తిగా ఎత్తేయలేదు. పాకిస్థాన్ విషయంలోనూ అదే పట్టు పట్టాలి: మురీద్కే, బహావల్‌పూర్ కేంద్రాలు మళ్ళీ తెరుచుకోలేదని బయటివాళ్ళు వెళ్ళి చూసి చెప్పేదాకా సడలింపు ఉండకూడదు. మన దౌత్యవేత్తలు ప్యారిస్‌లో, వాషింగ్టన్‌లో, రియాద్‌లో ప్రతి సమావేశంలోనూ ముందు అడగాల్సింది ఇదే.